ఆన్‌లైన్ వాదనలు ఇలా ఎందుకు తయారయ్యాయి

నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సిన ఏ విషయమైనా సరే, పన్నులు కావచ్చు, టీకా కావచ్చు, ఒక కోర్టు తీర్పు కావచ్చు, ఆన్‌లైన్‌లోకి వచ్చిన గంటలోనే అసలు సంగతి పక్కకు పోతుంది. ఎవరు ఎవరిని ఉతికి ఆరేశారన్నదే మిగులుతుంది. ఎందుకిలా అంటే రెండు జవాబులు రెడీగా ఉంటాయి: జనం చెడిపోయారు, లేదంటే ముసుగు పేర్లతో ఎవడు పడితే వాడు వాగుతున్నాడు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ, వెనక్కి వెళ్లి చూస్తే అవి సరిపోవు. కంప్యూటర్ల మీద మనుషులు మాట్లాడుకోవడం మొదలైన రోజుల నుంచీ తిట్టుకోవడం ఉంది. తర్వాత వచ్చిన మార్పు ఏంటంటే, ఎదుటివాడికి చెప్పాల్సిన మాటను చుట్టూ చేరి చూసేవాళ్ల కోసం చెప్పడం మొదలైంది, ఆ చూసేవాళ్ల స్పందనకు ఒక అంకె వచ్చి చేరింది, చివరికి ఏ మాట ఎంత దూరం పోవాలో ఆ అంకెలే తేల్చడం మొదలుపెట్టాయి.

1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ యూజ్‌నెట్‌కు రూపం ఇచ్చారు. ఫోన్ లైన్ల మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి చర్చలు పాకేవి. అప్పట్లోనే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ వాళ్లకు సొంతంగా ఒక బులెటిన్ బోర్డు ఉండేది. 1982 సెప్టెంబర్‌లో అక్కడ ఓ ఫిజిక్స్ పజిల్ నడిచింది: కేబుల్ తెగి పడిపోతున్న లిఫ్టులో వెలుగుతున్న కొవ్వొత్తి, పాదరసం చుక్క ఏమవుతాయి? ఎవరో సరదాకి, ఈ ప్రయోగం వల్ల లిఫ్టులో పాదరసం ఒలికింది, కాస్త కాలింది కూడా, అంటూ ఒక హెచ్చరిక పెట్టారు. కొందరు నిజమే అనుకున్నారు. ఇక జోకుకు ఏదో ఒక గుర్తు ఉండాల్సిందేనన్న చర్చ లేచింది, సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్‌మన్ ఒక కోలన్, ఒక డాష్, ఒక బ్రాకెట్ కలిపి పక్కకు వాల్చిన నవ్వు ముఖాన్ని సూచించాడు. ఈ రోజు ఎమోజీలకు తాత అని చెప్పుకునేది దాన్నే. నాకు ఇందులో ముచ్చటగా అనిపించేది ఎమోజీ సంగతి కాదు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో రోజూ ఎదురుపడే, బాగా చదువుకున్న మనుషుల మధ్య కూడా, గొంతూ ముఖమూ పోయి అక్షరాలు మాత్రమే మిగిలేసరికి వెటకారమేదో హెచ్చరికేదో తెలియలేదు.

1990 నాటికి అమెరికన్ లాయర్ మైక్ గాడ్విన్ తన పేరు మీద నిలిచిపోయిన సూత్రం చెప్పేశాడు: యూజ్‌నెట్‌లో చర్చ సాగుతున్న కొద్దీ ఎవరో ఒకరు ఎదుటివాణ్ని హిట్లర్‌తోనో నాజీలతోనో పోల్చడం దాదాపు ఖాయం. అంటే బ్రౌజర్ కూడా లేని రోజుల్లోనే నోళ్లు పారేసుకోవడం ఆ స్థాయికి వచ్చిందన్నమాట. కాకపోతే అప్పటి ఏర్పాటులో కొన్ని అడ్డుకట్టలు ఉండేవి. పోస్టుల కింద లైకుల అంకెలేవీ ఉండేవి కావు. ఎంత ఘాటుగా రాసినా అది ఆ గ్రూపు దాటి దానంతటదే ఊరేగదు. పడనివాడి పేరు ఒక ఫైల్లో వేసుకుంటే వాడి రాతలు మన స్క్రీన్ మీదకే రావు. ఏటా సెప్టెంబర్‌లో కాలేజీల్లో చేరిన కొత్తవాళ్లు వచ్చి రచ్చ చేసేవాళ్లు, పాతవాళ్లు ఓ రెండు నెలలు చీవాట్లు పెట్టి మర్యాద నేర్పేవాళ్లు. తర్వాత అమెరికా ఆన్‌లైన్ లాంటి కంపెనీలు తమ చందాదారులందరికీ యూజ్‌నెట్ తలుపులు తెరవడంతో ఈ పద్ధతి కుప్పకూలింది. 1993 సెప్టెంబర్ ఇంకా ముగియలేదన్న మాట అప్పుడే పుట్టింది. ఆ మాటలో పాతకాపుల అహంకారం కొంత ఉంది, అది నాకు నచ్చదు. కొత్తవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. వచ్చిపడే వాళ్ల సంఖ్య, నేర్పే వాళ్ల ఓపికను దాటిపోయింది, అంతే.

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. 1995లో న్యూయార్క్ కోర్టు ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సర్వీసు మీద ఒక తీర్పిచ్చింది: మీరు పోస్టులను వడకడుతున్నారు కాబట్టి, వాటికి ప్రచురణకర్తల్లాగే మీదే బాధ్యత. అంతకుముందు 1991లో, ఏమీ వడకట్టని కంప్యూసర్వ్ మాత్రం అలాంటి కేసులోనే బయటపడింది. ఊడ్చినవాడికి శిక్ష, చేతులు ముడుచుకు కూర్చున్నవాడికి రక్షణ. ఈ తలకిందుల లెక్కను సరిచేయడానికే 1996లో అమెరికా సెక్షన్ 230 తెచ్చింది: వాడేవాళ్లు రాసినదానికి సైట్‌ను ప్రచురణకర్తగా చూడకూడదు, చెత్త తీసేసినందుకు శిక్షించకూడదు. ఇప్పుడు అన్ని పాపాలూ దాని నెత్తినే వేయడం ఫ్యాషన్ అయింది గానీ, అది లేకపోతే చెత్త ఎత్తే ధైర్యం కూడా ఏ కంపెనీకీ ఉండేది కాదు.

తర్వాత వార్తల కింద కామెంట్లు వచ్చాయి. పాఠకులు తిరిగి మాట్లాడితే పాత్రికేయం బాగుపడుతుందని అప్పట్లో అందరూ గట్టిగా నమ్మారు. అమెరికాలో 1,183 మందితో ఒక ప్రయోగం చేశారు: నానోటెక్నాలజీ గురించి అందరికీ ఒకే వ్యాసం ఇచ్చి, దాని కింద కొందరికి మర్యాదగా ఉన్న కామెంట్లు, కొందరికి తిట్లతో నిండిన కామెంట్లు చూపించారు. తిట్లు చదివినవాళ్లు ఆ టెక్నాలజీ ప్రమాదమా కాదా అన్న విషయంలో మరింత గట్టిగా రెండు వైపులకూ చీలిపోయారు. వ్యాసంలో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. 2013లో పాపులర్ సైన్స్ పత్రిక ఈ ప్రయోగాన్నే చూపించి తన సైట్‌లో కామెంట్లు మూసేసింది. 2016లో ఎన్‌పీఆర్ రేడియో కూడా మూసేస్తూ ఒక లెక్క చెప్పింది: ఆ జులైలో సైట్‌కు వచ్చినవాళ్లు సుమారు 3.3 కోట్ల మంది, కామెంట్లు 4,91,000, అవి రాసినవాళ్లు 19,400 మంది మాత్రమే. నూటికి ఒక్కరు కూడా కాదు, పదివేల మందికి ఆరుగురు. కామెంట్ల వరస చూసి ఇదే జనాభిప్రాయం అనుకునేవాళ్లు ఈ లెక్క ఓసారి మనసులో పెట్టుకుంటే బాగుంటుంది. చర్చ ఏమీ ఆగలేదు లెండి, అప్పటికే సోషల్ మీడియాకు మకాం మార్చేసింది.

అసలు మలుపు అక్కడే ఉంది. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ వచ్చింది, 2009 ఫిబ్రవరిలో లైక్ బటన్ వచ్చింది, అదే ఏడాది నవంబర్‌లో ట్విట్టర్‌లో రీట్వీట్ బటన్ వచ్చింది. అంతకుముందు ఇంకొకరి మాట పంచుకోవాలంటే కాపీ చేసి, పేస్ట్ చేసి, వాళ్ల పేరు పెట్టి, అక్షరాలు పట్టకపోతే కుదించి పంపాలి. ఆ కాసేపట్లో కొంతమందైనా ‘ఎందుకులే’ అనుకుని వదిలేసేవాళ్లు. రీట్వీట్ బటన్ తయారుచేసిన టీమ్‌కు నాయకత్వం వహించిన క్రిస్ వెదరెల్ 2019లో ఒక ఇంటర్వ్యూలో, నాలుగేళ్ల పిల్లాడి చేతికి గుళ్లు నింపిన తుపాకీ ఇచ్చినట్టయిందేమోనని అన్నాడు. 2015లో ఎదుటివాళ్ల ట్వీట్‌ను కింద తగిలించి పైన మన వ్యాఖ్య రాసుకునే సదుపాయం మెరుగుపడింది. చూడ్డానికి చిన్న విషయం, కానీ మర్యాద మీద దెబ్బ కొట్టింది ఎక్కువగా ఇదేనని నా అభిప్రాయం.

ఎలాగంటే, ఒకాయన స్కూళ్లు ఇంకో గంట ఆలస్యంగా మొదలుపెడితే పిల్లలకు నిద్ర సరిపోతుందని రాశాడనుకోండి. ఒకావిడకు అది నచ్చలేదు. కిందే జవాబు రాస్తే, ‘ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు ఆ గంట పిల్లల్ని ఎక్కడ వదలాలండీ?’ అని అడుగుతుంది, ఆయన ఏదో చెప్తాడు, ఇద్దరికీ కలిపి నాలుగు లైకులు వస్తాయి. అదే ఆయన మాటను కింద తగిలించి, పైన ‘పిల్లల్ని కన్న ముఖమేనా ఇది?’ అని తన ఫాలోయర్లకు చూపిస్తే వేలల్లో వస్తాయి. ఇప్పుడావిడ ఆయనతో మాట్లాడటం లేదు, ఆయన గురించి తనవాళ్లతో మాట్లాడుతోంది. ఆయనా ఊరుకోడు, ఆవిడ మాటను తనవాళ్లకు చూపిస్తాడు. రెండు గుంపులూ వచ్చిపడతాయి. నిద్ర ఏమైంది, ఆ గంట ఏమైంది, ఎవరికీ పట్టదు. ఇద్దరూ పరమ దుర్మార్గులేం కాదు, ఏది రాస్తే పలుకుతుందో స్క్రీన్ నేర్పింది, నేర్చుకున్నారు. వివాదాస్పద విషయాల మీద లక్షల ట్వీట్లు పరిశీలించిన 2017 నాటి పరిశోధన ఒకటి, నైతిక ఆవేశం నిండిన ఒక్కో పదానికి ఆ ట్వీట్ వ్యాప్తి దాదాపు 20 శాతం పెరుగుతోందని తేల్చింది.

అగ్నికి ఆజ్యం పోయడం ఆ పైన జరిగింది. 2017లో ఫేస్‌బుక్ తన ర్యాంకింగ్‌లో కోపం ఎమోజీతో సహా రియాక్షన్లకు మామూలు లైక్ కంటే అయిదు రెట్ల విలువ ఇచ్చింది. ఎవరైనా మండిపడ్డారంటే ఆ పోస్టు ఇంకా నలుగురికి చూపించమని అర్థం. కోపానికి ఆ విలువ సున్నాకు రావడానికి 2020 దాకా పట్టింది, ఇదంతా బయటికి తెలిసింది 2021లో, ఆ కంపెనీ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ లోపలి కాగితాలు బయటపెట్టాక. ఆ కాగితాల్లోనే ఇంకో ముక్క ఉంది: 2018లో ఫీడ్ పద్ధతి మార్చాక, పోలండ్‌లోని ఒక పార్టీ సోషల్ మీడియా టీమ్ తమ పోస్టుల్లో అప్పటిదాకా సగం సగంగా ఉన్న మంచీ చెడూ కాస్తా 80 శాతం చెడుగా మారిపోయాయని అంచనా వేసుకుంది. ఇంటర్నెట్ అలవాటు ఇంటర్నెట్‌లోనే ఆగదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అబద్ధం సంగతీ ఇంతే. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఎంఐటీ పరిశోధన 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించింది. నిజం కంటే అబద్ధాన్ని జనం రీట్వీట్ చేసే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి అబద్ధంతో పోలిస్తే నిజమైన కథనానికి సుమారు ఆరు రెట్లు టైమ్ పట్టింది. బాట్లను, అంటే మనుషుల్లా పోస్టులు పెట్టే ప్రోగ్రాములను, తీసేసి చూసినా ఫలితం మారలేదు, అంటే చేసింది మనమే.

మరి ముసుగు పేర్లు? దక్షిణ కొరియా ఈ మందు మింగి చూసింది. పెద్ద సైట్లలో రాయాలంటే అసలు వివరాలు ఇవ్వాల్సిందేనని 2007లో నిబంధన పెట్టారు. 2011లో ఒక కంపెనీ సైట్ల మీద హ్యాకర్లు పడి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు ఎత్తుకెళ్లారు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేస్తూ, చట్టవిరుద్ధమైన పోస్టులు చెప్పుకోదగ్గంతగా తగ్గిన దాఖలా లేదని కూడా అంది. అంతెందుకు, సొంత పేరు, సొంత ఫొటో, పక్కన కుటుంబం నవ్వుతూ నిలబడ్డ ప్రొఫైల్ నుంచే ఎన్ని బూతులు వస్తున్నాయో ఎవరైనా చూడొచ్చు.

దీని వల్ల బయట కలిగే నష్టం ఎక్కువగా కనబడదు, ఎందుకంటే అది మాట్లాడనివాళ్ల రూపంలో ఉంటుంది. విషయం తెలిసిన డాక్టరు ఒకసారి తిట్లు తిని ఊరుకుంటాడు, మధ్యస్థంగా ఆలోచించేవాళ్లకు రెండు వైపుల నుంచీ పడతాయి కాబట్టి ముందే తప్పుకుంటారు, ఆడవాళ్లకు వాదనకు జవాబుగా బెదిరింపులు వస్తాయి. మిగిలేది గొంతున్నవాళ్లే. అమెరికాలో ట్విట్టర్ వాడే పెద్దవాళ్లు పెట్టే ట్వీట్లలో 80 శాతం అందులో పదో వంతు మందే రాస్తున్నారని 2019లో ప్యూ రీసెర్చ్ లెక్క తేల్చింది. అయినా ఆ కొద్దిమంది గోల నుంచి నాలుగు పోస్టులు ఏరి ‘నెటిజన్లు మండిపడుతున్నారు’ అని హెడ్డింగ్ పెడతారు, సాయంత్రానికి టీవీలో డిబేట్, మర్నాడు నాయకుడి స్పందన.

చిన్న చిన్న అడ్డుకట్టలు పనిచేస్తాయన్న రుజువులు లేకపోలేదు. 2020లో బాగా తిరిగిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే ఫార్వర్డ్ చేసేలా వాట్సాప్ పరిమితి పెట్టాక అలాంటివి 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. అదే ఏడాది, వ్యాసం తెరవకుండానే రీట్వీట్ చేయబోయేవాళ్లకు ట్విట్టర్ ‘ముందు చదవండి’ అన్న ప్రాంప్ట్ పెడితే, అది చూసినవాళ్లు వ్యాసం తెరవడం 40 శాతం పెరిగిందట. ట్విట్టర్‌లోనే 2021లో మొదలై ఇప్పుడు కమ్యూనిటీ నోట్స్‌గా నడుస్తున్న పద్ధతి, అంటే తప్పుదారి పట్టించే పోస్టు కింద వాడేవాళ్లే వివరణ నోట్ రాసే పద్ధతి, ఇంకా ఆసక్తికరం: మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించని వాళ్లు తగినంత మంది ‘ఇది ఉపయోగం’ అంటేనే నోట్ అందరికీ కనిపిస్తుంది. అంటే రెండు వైపులా ఒప్పుకునేదాన్ని పైకి తేవడం లెక్కల ప్రకారం సాధ్యమేనని ఆ కంపెనీకి బాగా తెలుసు. అదే కంపెనీ, పేరు ఎక్స్‌గా మారిన 2023 జులైలోనే, తమ పోస్టుల కింద వచ్చే జవాబుల మధ్య కనిపించే యాడ్ల ఆదాయంలో వాటా ఇస్తానని రాసేవాళ్లను పిలిచింది. కింద గొడవ ఎంత పొడుగైతే పైన రాసినవాడికి అంత ముట్టింది. తర్వాత లెక్క మార్చి, డబ్బు కట్టి వాడేవాళ్ల స్పందనలకు ముడిపెట్టారు. నోట్ మాత్రం ఇప్పటికీ చాలాసార్లు పోస్టు ఊరంతా తిరిగొచ్చాకే వస్తోంది.