పాత ఇంట్లో ఉంటూనే బాగుచేయించడం: అపోహలు - వాస్తవాలు

పాత ఇళ్ల రిపేర్లు నా వృత్తి. ఇరవై రెండేళ్లుగా కోనసీమలోనూ, గోదావరి అవతల భీమవరం వైపూ మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు, పాత మిద్దెలు బాగుచేయిస్తున్నాను. ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల ఇంట్లో దుమ్ము రేపి, సాయంత్రం ఆరింటికి మా ఇంటికొచ్చి స్నానం చేసేవాణ్ని. ఈ ఏడు సంక్రాంతి వెళ్లాక మా ఇల్లే మొదలుపెట్టాను. ముత్తాతగారు 1938లో కట్టించిన ఇల్లు. మూడు నెలల్లో అయిపోతుందని అమ్మకి చెప్పాను. ఇప్పుడు ఆషాఢం. ఆవిడ ఇంకా పెరట్లో షెడ్డు కింద వండుతోంది, నన్ను "ఇంజనీరు గారూ" అని పిలుస్తోంది.

కస్టమర్ల నోట విన్న మాటలన్నీ ఈ ఆరు నెలల్లో మా వాళ్ల నోట విన్నాను. కొన్ని నా నోటా వచ్చాయి.

అపోహ: చెమ్మ పట్టిన గోడకి సున్నం గీకేసి, వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపిన సిమెంటు పూస్తే సరిపోతుంది.

పాత ఇళ్లకి జరిగే నష్టంలో పెద్ద వాటా దీనిదే. మా సావిడి ఉత్తరపు గోడ సంగతి చెప్తాను. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి గోడలన్నీ నానాయి. మరుసటి ఏడాది నాన్న నడుం ఎత్తు దాకా సిమెంటు పూయించారు. అప్పుడు ఊళ్లో అందరూ చేయించిందే. రెండేళ్లు అద్దంలా ఉంది. తర్వాత సిమెంటు ఆగిన చోటుకి సరిగ్గా పైన గోడ ఉబ్బడం మొదలైంది. అక్కడిదాకా మళ్లీ సిమెంటు. చెమ్మ ఛాతీ ఎత్తుకి వచ్చింది.

మొన్న ఫిబ్రవరిలో అదంతా ఊడగొట్టాం. మేస్త్రీ ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే తలుపు రెక్కంత ముక్క అప్పడంలా ఊడొచ్చింది. వెనక ఇటుక తడిసి ముదురెరుపుగా ఉంది. దాని మీద దూది పరిచినట్టు ఉప్పు. వేలితో గీస్తే ఇటుక పిండిలా రాలింది. దశాబ్దాలుగా మూత పెట్టిన పాత్ర తెరిచినట్టు ఒక వాసన.

ఆ కాలపు గోడలకి పునాది మీద చెమ్మని ఆపే పొర, ఇప్పుడు మనం డీపీసీ అంటున్నది, లేదు. నేలలో నీళ్లు వత్తి నూనె పీల్చినట్టు ఇటుకలోకి పాకుతాయి. సున్నపు పూత ఆ తడిని ఆవిరిగా బయటికి వదిలేస్తుంది, గోడ ఎంత తాగినా అంత ఆరిపోతుంది. సిమెంటు అలా వదలదు. దారి మూసేసరికి తడి పైకెక్కుతుంది, దాంతో వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తుంది. చెమ్మ గోడకి టైల్స్ అతికించినా, ప్లాస్టిక్ పెయింట్ వేసినా జరిగేది ఇదే. కాకపోతే కంటికి కనిపించడానికి ఇంకాస్త టైం పడుతుంది.

మరేం చేయాలి? ముందు ఇంట్లోంచి బయటికొచ్చి వీధి చూడండి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోస్తారు. మా వీధి నాకు ఊహ తెలిశాక అడుగున్నర లేచింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదకి వెళ్లేవాళ్లం, ఇప్పుడొక్క మెట్టు మిగిలింది. వీధి నీళ్లు, చూరు నీళ్లు గోడ మొదట్లోనే ఇంకుతుంటే లోపల ఏం పూసి ఏం లాభం? గోడ చుట్టూ పోగైన మట్టి లోపలి గచ్చు కంటే కిందికి తీయించి, చూరు నీళ్లు దూరంగా పోయేలా కాలువ పెట్టించాను. సిమెంటు పూత మొత్తం ఊడగొట్టి ఇటుక గాలికి వదిలేశాను. ఉప్పు తేలినప్పుడల్లా పొడి బ్రష్‌తో దులపడం, అంతే. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. గోడకి రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది. మట్టి అడుసుతో కట్టిన మందపు గోడల్లో మందు అంతటా సమంగా పాకదు కాబట్టి నేను దాన్ని ఆఖరి మార్గంగానే చూస్తాను.

మా డెల్టాలో ఇంకో మోసం ఉంది. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక నేలలో నీరు దిగుతుంది, గోడలు ఆరినట్టు కనిపిస్తాయి. "అదిగో, ఆరిపోయింది, పూసేద్దాం" అంటారు మేస్త్రీలు. జూన్‌లో కాలువకి నీళ్లు వదిలాక చూసి చెప్పమంటాను.

అపోహ: సున్నం పని చేసేవాళ్లే లేరు. గుడ్డు సొన, బెల్లం, కరక్కాయ కలపందే ఆ గట్టిదనం రాదు.

చేసేవాళ్లు తగ్గారు, లేకపోలేదు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం మన దగ్గర మామూలే, మంచిదే. గట్టిదనం మాత్రం సున్నం సరిగ్గా నానడం వల్ల, ఇసుకతో కలిపి బాగా నూరడం వల్ల, పూశాక గాలిని పీల్చుకుంటూ మెల్లగా బిగియడం వల్ల వస్తుంది. ఎద్దుల గానుగ స్థానంలో ఇప్పుడు మోటారు గానుగ వచ్చింది. కష్టమంతా మెల్లగా అన్న మాట దగ్గరే. మే నెల ఎండలో పూత దడదడా ఆరిపోయి నెర్రెలిస్తుంది. మేం తడి గోనె సంచులు వేలాడదీసి పూటకి రెండుసార్లు నీళ్లు చల్లాం. చల్లింది ఎక్కువగా అమ్మే.

అపోహ: టేకు దూలానికి ఏమీ కాదు.

టేకు చేవకి చెద అంత తొందరగా పట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్ల భాగానికి పడుతుంది. మంచి చేవ దూలమైనా ఒక చోట ఓడిపోతుంది: గోడలోకి దూరిన కొస దగ్గర. గోడ చెమ్మ అక్కడ ఏళ్ల తరబడి తగులుతూ ఉంటుంది. దూలం మధ్యలో తట్టి చూసి "ఖంగుమంటోంది" అని సంతోషపడేవాళ్లని చాలామందిని చూశాను. మా పడమటింటి దూలం కూడా ఖంగుమంది. గోడ దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. చెరుకు పిప్పి గుర్తొచ్చింది.

అలాగని దూలం మొత్తం మార్చక్కర్లేదు. కింద జాకీలు పెట్టి బరువు తీసి, కుళ్లిన కొస కోసేసి, అదే జాతి కలపతో అతుకు వేసి బోల్టులు బిగించే వడ్రంగులు ఉన్నారు. అతుకు పెట్టాక కొసని గోడకి ఒత్తేసి సిమెంటుతో పూడ్చకూడదు. చుట్టూ కాస్త గాలి ఆడాలి.

అపోహ: పిల్లర్లు లేని ఇల్లే కదా, ఈ అడ్డగోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది.

పిల్లర్లు లేవు కాబట్టే తీయకూడదు. బరువంతా మోసేది గోడలే. పైన దూలం ఏ గోడ మీద ఆనిందో చూడకుండా సుత్తి ఎత్తే మేస్త్రీని ఆ రోజుకి కూలిచ్చి పంపేయండి. ఎలక్ట్రీషియన్లు పైపుల కోసం గోడలో కోసే గాళ్ల సంగతీ ఇంతే. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదన్నది మా లెక్క. మట్టి అడుసు గోడల్లో నేను అసలు గాడే వేయనివ్వను, పైపు గోడ మీదే కనిపించేలా వెళ్తుంది. అందం తగ్గుతుందంటే తగ్గనివ్వండి. వైర్లు మాత్రం మొత్తం మార్చాలి. పాత చెక్క పట్టీల వైరింగ్‌లో ఎర్తే ఉండదు. కొత్త బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

అపోహ: పరదా కడితే దుమ్ము ఆగుతుంది, ఇంట్లో హాయిగా ఉండొచ్చు.

ఇంట్లో ఉండి పని చేయించుకోవచ్చు. హాయిగా అన్న మాట మర్చిపోండి.

దుమ్ము గాలి దారినే పోతుంది. మండువా ఇంట్లో గాలి ఆడేలాగే కట్టారు, అదే ఇప్పుడు మన ప్రాణం తీస్తుంది. వదులుగా కట్టిన పరదా గాలికి ఊగుతూ పంకాలా దుమ్ము తోస్తుంది. ఇల్లు రెండు భాగాలు చేసి, మధ్య తలుపు సందులన్నీ టేపుతో అంటించేయాలి. పగలగొట్టే ముందు గోడ మీద నీళ్లు కొట్టాలి. బండలు, టైల్స్ మెషీన్‌తో కోసేటప్పుడు నీళ్లు ధారగా పడాలి. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, క్యాన్సర్‌కి కూడా కారణమని తేలిన పదార్థం. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. పనివాళ్లకీ కొనివ్వండి.

దుమ్ము కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది పాత తలుపుల రంగు. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పొరలు పొరలుగా వేసిన ఎనామిల్‌లో ఎంత ఉందో ఎవరికి తెలుసు? దాన్ని పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దినా, మంటతో కాల్చినా ఆ సీసం గాల్లోకి వస్తుంది. పసిపిల్లల మెదడుకి అది విషం. తడిపి గీకాలి, గీకిన పొట్టు ఊడ్చి కవర్లో కట్టేయాలి. ఆ నాలుగు రోజులూ చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఇంట్లో ఉండకూడదు. మా చెల్లి వేసవి సెలవులకి పిల్లల్తో వస్తానంటే రావద్దన్నాను. "పుట్టింటికి రావద్దంటావా అన్నయ్యా" అని రెండు వారాలు మాట్లాడలేదు. దొడ్లో పాత సిమెంటు రేకుల షెడ్డు ఉంటే దాన్నీ పగలగొట్టి దింపకండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దింపాలి.

నేను తప్పిన చోటు కూడా చెప్పాలి. కొత్త బాత్రూం వాడకంలోకి వచ్చేదాకా పాతది పగలగొట్టనివ్వకండని ప్రతి కస్టమర్‌కీ చెప్తాను. మా ఇంట్లో ప్లంబర్ ఖాళీగా ఉన్నాడని పాతది ముందే పగలగొట్టించాను. తర్వాత అతను ఏదో పెళ్లికి వెళ్లాడు. తొమ్మిది రోజులు అమ్మ పక్కింటి పిన్నిగారింటికి చెంబు పట్టుకుని వెళ్లింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆవిడ ముందుచూపు వల్లే దక్కినవీ ఉన్నాయి. మొదటి గునపం దెబ్బ పడకముందే ఆవకాయ జాడీలు రెండూ వాసెన గట్టి పిన్నిగారింటి అటక ఎక్కించింది. నేను బీరువాల గురించి ఆలోచిస్తున్నాను అప్పటికి.

అపోహ: ఆ డబ్బుకి పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకోవచ్చు.

ఒక్కోసారి నిజమే. గోడ తూకం తప్పి బయటికి ఒరిగితే, పునాది కుంగితే నేనే పడగొట్టమంటాను. పగులు ఉన్నంత మాత్రాన మాత్రం అనను. పగులు మీద అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి, దాని మీద తేదీ రాసి, ఒక వానాకాలం గడవనివ్వండి. పట్టీ తెగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. "ఎందుకురా ఆ శిథిలం" అని మా బాబాయి హైదరాబాదు నుంచి నెలకోసారి ఫోన్ చేస్తాడు. "పద్దెనిమిది అంగుళాల గోడ ఇప్పుడెవరు కట్టిస్తారు బాబాయ్" అంటాను. మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా ఆయన ఫ్లాట్‌లో కూర్చోమంటే కూర్చోడు.

పెంకుల మాటా అంతే. మా ఇంటి మీదవి మంగుళూరు పెంకులు, తట్టితే గంటలా మోగాయి. పుచ్చినవి కింద పట్టెలు. పట్టెలు మార్చి, అవే పెంకులు కడిగి నేయించాం. పగిలిన వాటికి బదులు పక్క ఊళ్లో పడగొట్టిన ఇంటి నుంచి తెచ్చాం. అదే అచ్చు పెంకు అయితేనే గాళ్లు కలుస్తాయి.

అపోహ: మేస్త్రీ మూడు నెలలన్నాడు.

అన్నది నేనే కాబట్టి జవాబు చెప్పుకోవాలి. ఏప్రిల్లో దాళ్వా కోతలకి కూలీలు సగం మంది వెళ్లిపోయారు. చేయి తిరిగిన మేస్త్రీలు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. ఇంకో కారణం, కాంక్రీటుకి మన తొందర తెలీదు. 4.5 మీటర్ల లోపు స్లాబు కింద సపోర్టులు కనీసం 7 రోజులు, 6 మీటర్ల లోపు బీము కింద 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది, అదీ ఓపీసీకి, అంటే ఏమీ కలపని మామూలు సిమెంటుకి. షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీకి ఇంకొన్ని రోజులు ఆగాలి. పాత ఇంట్లో గోడ విప్పాక గానీ అసలు పని బయటపడదు కాబట్టి డబ్బులోనూ టైంలోనూ ఐదో వంతు పక్కన పెట్టుకోమని నేను చెప్తాను. మా ఇంటికి అదీ చాల్లేదు.

ముహూర్తం చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మేమూ చూసుకున్నాం. కానీ కప్పు విప్పే రోజు మాత్రం పంచాంగంతో పాటు వానల లెక్కా చూడాలి. మే నెలాఖరుకి పెంకు నేత అయిపోకపోతే ఆ ఇంట్లో సామాన్లకి టార్పాలినే దిక్కు.

అపోహ: శ్రావణ మాసం వ్రతానికి రంగులు వేసేయొచ్చు.

ఇది అమ్మ అపోహ, ఇంకా నడుస్తోంది. తడి గోడ మీద రంగు నిలవదు. చూడటం తేలికే. రెండడుగుల చదరం పాలిథిన్ కవరు గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కవరు లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా తడి వదులుతోందన్నమాట. పడమటింట్లో కవరు పొడిగానే ఉంది, అక్కడ వెల్ల మొదలుపెట్టాం. సావిడి ఉత్తరపు గోడకి మొన్న అంటించిన కవరు ఇవాళ పొద్దున అమ్మకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగి, లోపల బొట్లు లెక్కపెట్టి, "మూడే కదరా" అంది.