గిడుగు పటం కింద వినబడిన మాట

శ్రీకాకుళం

చిరంజీవులైన తొమ్మిది, పదో తరగతుల పిల్లలకు,

మొన్న ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మీ బడికి వచ్చి, గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసి, నాకిచ్చిన పావుగంటను అరగంట చేసి మాట్లాడిన ముసలి మాస్టారిని నేనే. ఆ రోజు చెప్పవలసిన అసలు సంగతి చెప్పకుండానే బస్సెక్కేశాను. అది ఇప్పుడు రాసి పంపుతున్నాను. పరీక్షలో రాదు కనుక తీరికగానే చదవండి.

సభ ముగిశాక భోజనాలయ్యాయి. కంచాలు కడుక్కునే కుళాయి దగ్గర, కొండ ప్రాంతపు సవర గిరిజన తెగకు చెందిన ఒక అబ్బాయి తొందరపడి వరస మధ్యలో దూరాడు. దూరడం తప్పే, వెనకనున్న కుర్రవాడు "వరసలో రా" అంటే సరిపోయేది. అతడు "ఒరే సవరోడా, మీ కొండ మీద వరసలుండవేటి?" అన్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. దూరినవాడు కూడా నవ్వాడు. నవ్వుతూనే వరసలోంచి తప్పుకొని, అడుగున పప్పు అంటుకొని ఉన్న కంచాన్ని అలాగే పట్టుకొని, గోడవారకు వెళ్ళి నిలబడ్డాడు. అన్న కుర్రవాడెవరో నేను మీ మాస్టార్లకు చెప్పలేదు. ఇకముందూ చెప్పను.

నన్ను ఇన్నాళ్ళూ కుదుటపడనివ్వనిది ఏమిటంటే, ఆ మాట వినబడిన చోటికి ఇరవై అడుగుల దూరంలోనే పంతులుగారి పటం ఉంది. ఆయన వాడుక భాష కోసం పోరాడారని మీలో ప్రతివాడూ చెప్పగలడు. అయితే 1863లో మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆ మనిషి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, ఆ పోరాటానికి ముందే సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ భాష తెలిసినవారిని ఇంట్లో ఉంచుకొని నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు, బడి పెట్టారు, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చు వేయించారు. లిపి లేని ఒక భాషలో ఎంత కట్టుదిట్టమైన వ్యాకరణం దాగి ఉందో కళ్ళారా చూసిన తరువాతనే, జనం నోటి తెలుగును తక్కువచేసి చూసే పండితులతో తగవు పెట్టుకునే ధైర్యం ఆయనకు వచ్చిందేమోనని నాకనిపిస్తుంది. ఆయన పేరు మీద పండుగ చేసుకున్న రోజున, ఆయన ప్రేమించిన జనం పేరే మన నోట తిట్టయింది.

ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఏపాటిదో కూడా మీకు తెలియాలి. 1984లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నా తరగతిలో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుండేవారు. ఒకణ్ణి పేరుతోనూ, రెండోవాణ్ణి "ఒరే సవరా" అనీ పిలిచేవాణ్ణి. నాకది ముద్దుపేరులాగే తోచేది. దసరా సెలవులకు కొండకు వెళ్ళిన ఆ రెండోవాడు తిరిగి రాలేదు. "ఏజెన్సీ గుంటలు నిలవరు మాస్టారూ" అన్నారు తోటివారు, కొండ పిల్లలు బడిలో నిలవరని. నేనూ కాబోలు అనుకున్నాను. నా పిలుపు వల్లనే మానేశాడని చెప్పలేను. పోడు పనో, ఇంట్లో జబ్బో, నడవవలసిన దూరమో, కారణం ఏదైనా కావచ్చు. ఎందుకు రావడం లేదో అడగడానికి నేను వెళ్ళలేదన్నది మాత్రం నిజం.

పేరు పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియక కాదు. అంతకు రెండేళ్ళ ముందు బీఈడీకి వేరే జిల్లా వెళ్ళినప్పుడు, మొదటి రోజు హాస్టల్లో ఎవరినో మన యాసలో "ఏటి?" అని అడిగాను. ఆ ఏడాదంతా నా పేరు "ఏటి" అయిపోయింది. నోరు విప్పే ముందు "ఏమిటి" అని లోపల ఒకసారి అనుకొని, ఆ తరువాతే పైకి అనేవాణ్ణి. అంత ఉక్రోషం దిగమింగినవాణ్ణి, రెండేళ్ళు తిరగకుండానే చేతికి సుద్దముక్క రాగానే, నాకంటె చిన్నవాడి మీద అదే పని చేశాను. ఆ రెంటికీ సంబంధం ఉందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

జాతి వివక్ష అనగానే మీకు 1948 తరువాత దక్షిణాఫ్రికా ప్రభుత్వం పెట్టుకున్న తెల్ల, నల్ల చట్టాలు గుర్తుకొస్తాయి. అది ఎక్కడో దూరదేశపు పాఠమనుకోకండి. మన జిల్లాల నుంచి వేలమంది ఓడలెక్కి బర్మాకు కూలికి వెళ్ళేవారు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే అక్కడ తెలుగు కూలీలందరికీ పేరయింది. మన ఊరేదో, ఇంటిపేరేదో అక్కడ ఎవరికీ అక్కరలేదు, అందరూ "కోరంగి"లే. 1930 మే నెలలో రంగం రేవులో మన కూలీలు కూలి పెంచమని పని మానేస్తే, వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిసి పాతవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే రెండు గుంపుల మధ్య రేగిన గొడవ ఊరంతా పాకి, కనబడిన కోరంగివాణ్ణల్లా వెతికి చంపేదాకా పోయింది. ఇద్దరూ బస్తాలు మోసి బతికే పేదలే. కూలి లెక్క తేల్చిన ఓడల కంపెనీల మీదికి ఎవరి చెయ్యీ లేవలేదు. మనుషులకు బదులు ముద్రలు కనబడడం మొదలైతే కోపం ఎటు పోవాలో అటు పోదని ఆ కథ వల్ల నాకు అర్థమైంది.

ఇక మన రాజ్యాంగం. 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమంటుంది, 17వది అంటరానితనాన్ని రద్దు చేస్తుంది. ఇవి మీకు కంఠతా వచ్చు. నేను మీ చేత చదివించాలనుకునేది 15వ దానిలోని రెండో భాగం. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డగించకూడని చోట్లను అది పేరుపేరునా చెబుతుంది: దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. ఇంత పెద్ద దేశపు రాజ్యాంగం బావుల సంగతి ఎందుకెత్తిందని ఒక విద్యార్థి నన్నడిగాడు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్ ఊళ్ళో, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువులో అంబేడ్కర్ దోసిలితో నీళ్ళు తాగారు, ఆ తరువాత అక్కడ దళితుల మీద దాడులు జరిగాయి. ఎక్కడ అవమానం జరుగుతుందో తెలిసినవారు రాసిన వాక్యం అది. మీ బడి కుళాయి దగ్గర కూడా ఆ వాక్యం గుర్తుండాలి. నలుగురిలో ఒక దళితుణ్ణో గిరిజనుణ్ణో కులం పేరెత్తి దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. భయపెట్టడానికి రాయడం లేదు. "సరదాకన్నాను సార్" అనే జవాబు ఎంత బలహీనమైనదో తెలియడానికి రాస్తున్నాను.

రాజ్యాంగ పరిషత్తులో జైపాల్ సింగ్ ముండా అనే ఒక సభ్యుడుండేవారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన హాకీ జట్టుకు నాయకుడాయన. 1946 డిసెంబరులో ఆయన సభలో లేచి, మావైపు మమ్మల్ని అడవివాళ్ళని అంటారు, అలా పిలిపించుకోవడం నాకు గర్వమే అన్నారు. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలని కూడా అన్నారు. ఆయన మాతృభాష ముండారీ, మన సవర ఒకే కుటుంబపు భాషలు. తిట్టును ఎత్తి తలపాగాగా చుట్టుకోవడానికి అంతటి మనిషి కావాలి. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఆ పని చేయాలని మనం ఎదురుచూడకూడదు.

ఓటు పద్దెనిమిదేళ్ళకు వస్తుంది కాని పౌరులు మీరు ఇప్పటికే. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రార్థన సమయంలో ఆ అబ్బాయిని ముందుకు పిలిచి క్షమాపణ చెప్పే తంతు పెట్టవద్దు. అది అతణ్ణి మరోసారి వరసలోంచి తీసి నిలబెట్టడమే. అతిథులొచ్చినప్పుడు కొండ పిల్లల తలకు ఈకలు కట్టి డాన్సు చేయించే అలవాటూ నాకు నచ్చదు, చాలా బళ్ళలో చూశాను. అన్న కుర్రవాడు అతని పక్కన కూర్చొని నాలుగు మాటలు మాట్లాడితే చాలు. ఇక నవ్విన పదిమంది సంగతి: ఈసారి ఆ మాట వినబడితే నవ్వకండి, అతని పేరు గట్టిగా పలకండి. నవ్వేవాళ్ళు లేకపోతే అలాంటి మాటకు రెండోసారి నోరు లేవదు.

ఆ రోజు నేను గోడవారకు వెళ్ళి అతని పేరడిగాను, చెప్పాడు. నీళ్ళను మీ మాటలో ఏమంటారని అడిగాను, అదీ చెప్పాడు. చిన్న మాటే, కాని మధ్యలో గొంతు ఒక్కసారి మూసుకొని తెరుచుకోవాలి. మన తెలుగులో ఆ ధ్వని లేదు. ఆరేడు సార్లు అన్నాను. ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు, చివరికి నవ్వాడు. కుళాయి దగ్గర నవ్విన నవ్వు వేరు, ఇది వేరు. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి మళ్ళీ రమ్మన్నారు, వస్తున్నాను. ఇంట్లో రోజూ ప్రయత్నిస్తున్నా ఆ మాట నాకు ఇంకా పలకడం లేదు. ఈలోగా మీలో ఎవరైనా అతని దగ్గర నేర్చుకొని ఉంటే, నాకు నేర్పండి.

ఆశీస్సులతో,
మీ సోషల్ మాస్టారు