యూరప్ రైలు ప్రయాణంలో స్టేషన్ మారడం: అపోహలు - వాస్తవాలు

యూరప్ రైలు టికెట్లు చూసిపెట్టడం నా పని. వచ్చేవాళ్లు ఎక్కువగా మనవాళ్లే: పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు, ఒకే సెలవులో నాలుగు దేశాలు చుట్టేద్దామనుకునే కుటుంబాలు, జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న కుర్రాళ్లు. ప్లాన్ పంపిన కాసేపటికే ఫోన్ మోగుతుంది. "మధ్యలో స్టేషన్ మారాలని ఉందేంటండీ? అయితే వద్దులెండి, ఫ్లైటే చూడండి." రైలు మారడానికి పెద్దగా జంకరు, స్టేషన్ మారాలంటేనే టెన్షన్. నిజానికి స్టేషన్ మారడం పెద్ద విషయం కాదు. టికెట్లు ఎలా కొన్నారు, మధ్యలో ఎంత టైమ్ ఉంచుకున్నారు అన్నదే అసలు విషయం. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: పెద్ద ఊరికి ఒక సెంట్రల్ స్టేషన్ ఉంటుంది, అన్ని రైళ్లూ అక్కడికే వస్తాయి

బెర్లిన్, వియన్నాల్లో కొత్త పెద్ద స్టేషన్లు వచ్చాక అక్కడ ఇది చాలావరకు నిజమే. పారిస్‌లో కాదు. 19వ శతాబ్దంలో అక్కడ ఒక్కో దిక్కుకు ఒక్కో ప్రైవేటు కంపెనీ లైను వేసి, ఎవరి స్టేషన్ వాళ్లు కట్టుకున్నారు. ఆ పంపకమే ఇప్పటికీ నడుస్తోంది. లండన్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ వైపు అయితే గార్ దు నోర్ (ఫ్రెంచ్‌లో గార్ అంటే స్టేషన్). ఫ్రాంక్‌ఫర్ట్, స్టట్‌గార్ట్ వైపు అయితే గార్ ద లెస్ట్. స్విట్జర్లాండ్, ఇటలీ, బార్సిలోనా వైపు గార్ ద లియోన్. బోర్డో మీదుగా స్పెయిన్ సరిహద్దు వైపు మోంపార్నాస్. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ తెలిసినవాళ్లకు ఇందులో వింతేముంది? ఏ రైలు ఎక్కడ ఎక్కాలో చూసుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

మిలాన్‌లో ఇంకో తిరకాసు. పారిస్ నుంచి అక్కడికి ఫ్రెంచ్ హైస్పీడ్ రైలు టీజీవీ ఎక్కితే పోర్తా గారిబాల్ది స్టేషన్‌లో దిగుతారు. ఇటాలియన్ హైస్పీడ్ రైలు ఫ్రెచ్చారోస్సా ఎక్కితే చెంత్రాలే స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి వెనిస్ రైలు పట్టుకోవాలంటే ఈ తేడా ముఖ్యం. కంగారు పడాల్సినంత దూరమేమీ కాదు, రెండింటికీ మధ్య ఆకుపచ్చ మెట్రో లైన్లో రెండే స్టాపులు.

అపోహ: యాప్‌లో 55 నిమిషాలు చూపిస్తోందంటే 55 నిమిషాలు చాలు

ఆ 55 నిమిషాలు రైలు ఆగిన క్షణం నుంచి లెక్క. లండన్ నుంచి వచ్చి గార్ దు నోర్‌లో దిగారనుకోండి. లండన్-పారిస్ మధ్య నడిచే యూరోస్టార్ రైలు పొడవు దాదాపు 400 మీటర్లు. మీ బోగీ చివర ఉంటే ప్లాట్‌ఫామ్ దాటడానికే ఆరేడు నిమిషాలు, పెద్దవాళ్లుంటే పది. పాస్‌పోర్ట్ తనిఖీలు లండన్‌లోనే అయిపోతాయి కాబట్టి ఇక్కడ నేరుగా బయటికి నడిచి రావచ్చు, అదొక్కటే ఊరట.

అక్కడి నుంచి ఇటలీ రైలు కోసం గార్ ద లియోన్‌కు వెళ్లాలంటే, తర్వాత కింద అంతస్తుకు దిగి ఆర్‌ఈఆర్ (పారిస్ లోకల్ రైలు) డి లైన్ పట్టుకోవాలి. రెండో స్టాపే గార్ ద లియోన్, పది నిమిషాలు కూడా పట్టదు. ఆలస్యమంతా రైల్లో కాదు, టికెట్ మెషీన్ దగ్గర. లండన్‌లో లాగా బ్యాంకు కార్డు గేటుకు ఆనిస్తే ఇక్కడ తెరుచుకోదు. నావిగో ఈజీ కార్డు కొని అందులో టికెట్ వేయించుకోవాలి, లేదా ముందే ఫోన్‌లో యాప్ పెట్టుకోవాలి. కార్డు 2 యూరోలు, టికెట్ రెండున్నర యూరోల చిల్లర. ఒకే కార్డును అందరూ వాడుకోవడం కుదరదు. నలుగురుంటే నాలుగు కార్డులు కావాలి. మెషీన్ ముందు క్యూలో నిలబడి ఈ సంగతి తెలుసుకునే కుటుంబాలు ఎన్నో. కార్డును జేబులోనే ఉంచుకోండి, దిగాక బయటికి వెళ్లే గేటు దగ్గర కూడా చూపించాలి.

కింద ప్లాట్‌ఫామ్ మీద ఒక వైపు బి లైన్, ఇంకో వైపు డి లైన్ వస్తాయి. తొందరలో బి ఎక్కేస్తే గార్ ద లియోన్ రాదు. అలా జరిగినా మునిగిపోయేదేమీ లేదు. షాత్లే లే హాల్‌లో దిగి ఎ లైన్ గానీ డి లైన్ గానీ పట్టుకుంటే తర్వాతి స్టాపే మీది. గార్ ద లియోన్‌లో హాళ్లు మూడు. కొన్ని ప్లాట్‌ఫామ్‌లకు అక్షరాలు, కొన్నిటికి అంకెలు ఉంటాయి. మీ ప్లాట్‌ఫామ్ ఏదో బోర్డు మీద పడేది రైలు బయల్దేరడానికి ఓ ఇరవై నిమిషాల ముందే. టీజీవీ తలుపులు రెండు నిమిషాల ముందే మూసేస్తారు, పరిగెత్తి ఎక్కడాలు అక్కడ నడవవు. అందుకే పారిస్‌లో స్టేషన్ మారాల్సి వస్తే నేను గంటన్నరకు తక్కువ పెట్టను. పిల్లలు, పెద్ద సూట్‌కేసులు ఉంటే రెండు గంటలు. ఆ మిగిలిన టైమ్‌లో కాఫీ తాగండి, నష్టమేమీ లేదు.

లండన్ వైపు వెళ్లేటప్పుడు ఈ లెక్క కూడా సరిపోదు. గార్ దు నోర్‌లోనే ఫ్రెంచ్ పోలీసులు, బ్రిటన్ ఇమిగ్రేషన్, సామాను స్కానింగ్, మూడూ దాటాలి. రైలుకు అరగంట ముందే గేట్లు మూసేస్తారు. 2025 అక్టోబర్‌లో కొత్త ఈఈఎస్ పద్ధతి (యూరప్ బయటివాళ్ల రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేయడం) మొదలయ్యాక మనలాంటి వాళ్లను ఫోటో తీసి నమోదు చేసే పని కూడా కలిసింది. దీన్ని ఎయిర్‌పోర్ట్ అనుకుని బయల్దేరడమే మంచిది.

అపోహ: ప్రతిసారీ మెట్రో ఎక్కాల్సిందే

గార్ దు నోర్ నుంచి గార్ ద లెస్ట్‌కు నడక పది నిమిషాలు. మెట్రోలో దిగి ఎక్కడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఒక్క మాట: ఫోన్ మ్యాప్ దగ్గరి దారి అని ర్యూ దల్సాస్ మెట్ల మీదుగా పంపించవచ్చు. సూట్‌కేసులుంటే అటు వెళ్లకండి, పెద్ద రోడ్డు మాజెంతా మీదుగా వెళ్లండి. గార్ ద లియోన్ నుంచి ఓస్తెర్లిట్స్ స్టేషన్‌కు కూడా వంతెన దాటితే పావుగంటలో చేరతారు.

అపోహ: మొదటి రైలు లేటైతే తర్వాతి రైల్లో ఎలాగూ ఎక్కించుకుంటారు

అసలు భయపడాల్సింది ఇక్కడ. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే, మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోయినప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేది. చివరి స్టేషన్‌కు 60 నిమిషాలు లేటైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం కూడా అడగవచ్చు. 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, ఒకే కంపెనీ రైళ్లను ఒకేసారి కొంటే దాన్ని ఒకే టికెట్‌గా లెక్కేస్తారు.

వేర్వేరు కంపెనీల రైళ్లయితే కథ వేరు. ఒకే యాప్‌లో ఒకేసారి డబ్బు కట్టినంత మాత్రాన ఒకే టికెట్ అయిపోదు. అవి విడివిడి ఒప్పందాలని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. అంతర్జాతీయ ప్రయాణాల్లో చాలా పెద్ద రైల్వేల మధ్య ఏజేసీ అనే ఒప్పందం ఉంది. విడి టికెట్లున్నా, మధ్యలో సరిపడా టైమ్ ఉంచుకుని ఉంటే, తప్పిపోయిన రైలు ఏ కంపెనీదో ఆ కంపెనీదే తర్వాతి రైల్లో అదనపు డబ్బు లేకుండా పంపిస్తారు. అయితే దానికి రుజువు కావాలి. లేటైన రైల్లోనే సిబ్బంది దగ్గరికి వెళ్లి ఆలస్యం రాయించుకోండి. దిగాక స్టేషన్ కౌంటర్‌లో అది చూపించండి. రైలు తప్పిపోయిందని కొత్త టికెట్ కొనేసి తర్వాత డబ్బు వెనక్కి ఇవ్వమంటే మాత్రం అయ్యే పని కాదు. చౌక రైళ్లలో చాలావాటికి ఈ ఒప్పందం లేదు.

అపోహ: యూరెయిల్ పాస్ (చాలా దేశాల రైళ్లకు ఒకే పాస్) ఉంటే మెట్రో కూడా ఫ్రీ

కాదు. జర్మనీలో అక్కడి రైల్వే సంస్థ డీబీ నడిపే ఎస్-బాన్ లోకల్ రైళ్లలో చెల్లుతుంది, పారిస్ మెట్రోలో చెల్లదు.

అపోహ: షెంగెన్ వీసా ఉందిగా, పాస్‌పోర్ట్ సూట్‌కేసు అడుగున పెట్టేయొచ్చు

చేతి సంచిలోనే ఉంచండి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, పోలీసులు రైల్లోకే వచ్చి అడుగుతారు. ఇంతకంటే పెద్ద చిక్కు లండన్‌తో. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, వీసా వేరే తీసుకోవాలి. ఇది అందరికీ తెలుసు. చాలామంది మర్చిపోయేది తిరుగు ప్రయాణం: పారిస్ చూసి, లండన్ వెళ్లి, మళ్లీ యూరప్‌లోకి రావాలంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. సింగిల్ ఎంట్రీ అయితే లండన్ స్టేషన్‌లోనే ఆపేస్తారు. నేను టికెట్లకన్నా ముందు వీసా పేజీ ఫోటో అడిగేది ఇందుకే.

అపోహ: స్టేషన్ మారకుండా వెళ్లే దారే ఉండదు

చాలాసార్లు ఉంటుంది, యాప్ దాన్ని మొదట చూపించదు, అంతే. లండన్ నుంచి లియోన్ గానీ మార్సే గానీ వెళ్లాలంటే పారిస్ ఊళ్లోకి దిగనక్కర్లేదు, ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్‌లో, దిగిన స్టేషన్‌లోనే టీజీవీకి మారవచ్చు. రెండు టికెట్లలోనూ లీల్ యూరప్ అనే ఉందో లేదో చూసుకోండి, లీల్ ఫ్లాండ్ర్ వేరే స్టేషన్. లండన్ నుంచి కొలోన్ వెళ్లేవాళ్లు బ్రస్సెల్స్ మిడీ స్టేషన్‌లో మారితే సరి. స్విట్జర్లాండ్ సరిహద్దు ఊరు బాసెల్‌లో మాత్రం జాగ్రత్త. జర్మనీ నుంచి వచ్చే రైలు ముందు బాడిషర్ బాన్‌హోఫ్‌లో ఆగుతుంది. బాసెల్ అన్న పేరు వినగానే సామాను దింపేస్తారు మనవాళ్లు. స్విస్ రైళ్లకు మారాలంటే దిగాల్సింది తర్వాతి స్టేషన్, బాసెల్ ఎస్‌బీబీలో.

ఇక సామాను. పిలవగానే వచ్చే కూలీలు అక్కడ ఉండరు, లిఫ్టు వెతుక్కోవాలి, అది పనిచేయకపోనూవచ్చు. మనిషికి ఒక్క పెట్టె, అదీ సొంతంగా మెట్లెక్కించగలిగేది. అంతకు మించితే మెట్రో వద్దు, టాక్సీ తీసుకోండి. గార్ దు నోర్ లోపల "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికి వచ్చేవాళ్ల వెంట మాత్రం వెళ్లకండి. బయట బోర్డు పెట్టిన చోట క్యూ ఉంటుంది, అక్కడ నిలబడండి.