ల్యాబ్‌వ్యూ ప్రోగ్రాం సీపీయూని తినేస్తోందా? కొన్ని అపోహలు – వాస్తవాలు

టెస్ట్ బెంచ్‌లకు (పరికరాలను పరీక్షించే ఏర్పాట్లకు) ల్యాబ్‌వ్యూలో, అంటే బొమ్మలను వైర్లతో కలిపి రాసే భాషలో, ప్రోగ్రాములు రాయడం నా పని. నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి: "సార్, రన్ కొట్టగానే ఫ్యాన్ హోరుమంటోంది, మౌస్ కూడా సరిగా కదలట్లేదు. కొత్త సిస్టమ్ తీసుకోమంటారా?"

అప్పుడే తీసుకోకండి. ముందు ఒక్క పని చేసి చూడండి. ప్రోగ్రాం నడుస్తుండగానే టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు ఫ్రంట్ ప్యానెల్‌ను, అంటే బటన్లూ గ్రాఫులూ ఉండే విండోను, మినిమైజ్ చేయండి. సీపీయూ అంకె గబుక్కున పడిపోతే సమస్య తెర మీద బొమ్మ గీయడంలో ఉంది. కదలకపోతే బ్లాక్ డయాగ్రమ్‌లో (వైర్లతో గీసిన అసలు ప్రోగ్రాంలో), చాలాసార్లు ఏదో ఒక లూప్‌లో (మళ్లీ మళ్లీ తిరిగే భాగంలో) ఉంది. రెండింటికీ మందు వేరు. ఏ రోగమో తేల్చుకోకుండా వైర్లు మార్చుకుంటూ పోతే రోజులకు రోజులు గడిచిపోతాయి.

అపోహ: టాస్క్ మేనేజర్‌లో 12 శాతమే ఉంది కదా, ఇబ్బందేమీ లేదు.

మీ కంప్యూటర్‌లో లాజికల్ ప్రాసెసర్లు ఎన్నో చూడండి. ఎనిమిది ఉంటే, అందులో ఒకదాన్ని పూర్తిగా మింగేసిన లూప్ మొత్తం మీద 12.5 శాతంగానే కనిపిస్తుంది. నాలుగే ఉన్న పాత మెషీన్‌లో అదే లూప్ 25 చూపిస్తుంది. అంకె పైకీ కిందికీ ఊగకుండా ఆ చుట్టుపక్కలే అతుక్కుపోయి ఉంటే, వెయిట్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య విరామం) లేని వైల్ లూప్ (ఆపేదాకా తిరిగే లూప్) ఒకటి తిరుగుతోందని నేను ముందుగా అనుమానిస్తాను. విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తూ ఉంటుంది కాబట్టి, కోర్ల విడి గ్రాఫుల్లో ఏదీ నిండినట్టు కనపడకపోవచ్చు.

తీరా వెతికితే దొరికేది చాలా చిన్న లూప్. స్టాప్ బటన్ నొక్కారా లేదా అని చూసేది, అంతే. మనిషి వేలు సెకనుకు మహా అయితే కొన్నిసార్లే నొక్కుతుంది. లూప్ మాత్రం ఆ బటన్‌ను ఊపిరాడకుండా చూస్తూనే ఉంటుంది. అందులో 50 లేదా 100 మిల్లీసెకన్ల వెయిట్ పెట్టండి, ఫ్యాన్ శబ్దం ఆగడం మీ చెవులకే తెలుస్తుంది. వెయిట్‌కి సున్నా ఇస్తే ఆ ఫలితం రాదు. మిగతా పనులకు దారి ఇస్తుంది గానీ లూప్ నిద్రపోదు.

అపోహ: ఈవెంట్ స్ట్రక్చర్ వాడాను కాబట్టి నా ప్రోగ్రాం పోలింగ్ (ఏమైనా జరిగిందా అని మళ్లీ మళ్లీ చూడడం) చేయదు.

ల్యాబ్‌వ్యూ 6.1 వెర్షన్‌తో వచ్చిన ఈవెంట్ స్ట్రక్చర్ నిజంగా గొప్ప సాయం. బటన్ నొక్కేదాకా లూప్ పడుకునే ఉంటుంది. అయితే దాని మూలలో, ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే టైమౌట్ టెర్మినల్‌ను (వైర్ కలిపే చోటును) ఒకసారి చూడండి. వైర్ ఏమీ ఇవ్వకపోతే ఎంతసేపైనా ఆగుతుంది. అక్కడ సున్నా కలిపితే ఆగకుండా తిరుగుతుంది, మనం వదిలించుకున్నామనుకున్న పోలింగ్ వెనక తలుపు గుండా వచ్చేస్తుంది. పాత ప్రోగ్రాములు బాగుచేసేటప్పుడు నేను మొదట చూసే చోటు ఇదే.

అపోహ: ఎక్కువ పాయింట్లు పంపితే గ్రాఫ్ ఎక్కువ కచ్చితంగా ఉంటుంది.

దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నేను చూసిన ప్యానెళ్లలో ఎక్కువ భారం ఇక్కడే ఉంటుంది. వైబ్రేషన్ పరీక్ష అనుకోండి. నాలుగు ఛానెళ్లు, ఒక్కోటి సెకనుకు 51,200 శాంపిళ్లు. పది సెకన్ల డేటా గ్రాఫ్‌లో చూపిస్తున్నారు. ఒక్కో ఛానెల్‌కు 5,12,000 పాయింట్లు, నాలుగూ కలిపితే 20 లక్షలు దాటాయి. మీ గ్రాఫ్ వెడల్పు 800 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్ నిలువు గీత మీద ఒక్కో ఛానెల్ నుంచి 640 పాయింట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కంటికి కనిపించేది మాత్రం ఆ గీత పై కొస, కింది కొస.

అందుకే ప్రతి 640 పాయింట్లలో కనిష్ఠం, గరిష్ఠం తీసి, అవి డేటాలో వచ్చిన వరుసలోనే గ్రాఫ్‌కు ఇవ్వండి. పాయింట్లు ఛానెల్‌కు 1,600కి దిగుతాయి, బొమ్మ తేడా కనపడదు. ప్రతి 640వ పాయింటునే తీసుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. బేరింగ్‌లో పుట్టిన ఒక్క చిన్న తాకిడి ఆ మధ్యలో మాయమైపోతుంది, మనం పరీక్ష పెట్టిందే దాన్ని పట్టుకోవడానికి. ఫైల్‌లోకి మాత్రం పూర్తి డేటా వెళ్లాలి, దానికి వేరే లూప్, మధ్యలో డేటాను వరుసగా అందించే క్యూ. జూమ్ చేసినప్పుడు ఆ ముక్కకే మళ్లీ లెక్క కట్టండి. సెకనుకు పదిసార్లు గ్రాఫ్ మారితే ఆపరేటర్‌కు చాలు.

గ్రాఫ్ మీద లేబుల్ గానీ, లోగో గానీ, పారదర్శకమైన పెట్టె గానీ పడి ఉంటే పక్కకు జరపండి. ఒకదాని మీద ఒకటి ఉన్నవాటిలో కింది దాన్ని గీసిన ప్రతిసారీ పైదాన్నీ గీయాలి.

అపోహ: ఎక్సిక్యూటబుల్ (విడిగా నడిచే .exe ఫైల్) చేస్తే ఈ సమస్య పోతుంది.

గ్రాఫికల్ భాష కదా, లోపల ఇంటర్‌ప్రెటర్ (నడుస్తుండగానే ఒక్కో ముక్కా చదివి చేసేది) నడుస్తుందేమో అనుకుంటారు. 1990లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచే ల్యాబ్‌వ్యూలో కంపైలర్ (ప్రోగ్రాంను ముందే మెషీన్ కోడ్‌గా మార్చేది) ఉంది. మీరు ఎడిటర్‌లో రన్ కొట్టినప్పుడు నడిచేది కూడా మెషీన్ కోడే. డీబగ్గింగ్ (తప్పులు వెతికే సౌకర్యం) తీసేస్తే కొంత తేలికపడొచ్చు గానీ, వెయిట్ లేని లూప్ ఎక్కడికెళ్లినా వెయిట్ లేని లూపే.

అపోహ: రంగు మార్చడానికి ప్రాపర్టీ నోడ్ (రంగు లాంటి గుణాలను ప్రోగ్రాం నుంచి మార్చేది) పెట్టాను, చిన్న పనే కదా.

ఇండికేటర్‌కు (ప్యానెల్ మీద విలువ చూపేదానికి) మామూలుగా టెర్మినల్ ద్వారా విలువ పంపితే, లూప్ దాన్ని అక్కడ వదిలేసి ముందుకు పోతుంది, గీసే పని యూఐ థ్రెడ్ (తెర పనులు చూసుకునే భాగం) తన వీలును బట్టి చేసుకుంటుంది. ప్యానెల్ వస్తువు మీది ప్రాపర్టీ నోడ్ అలా కాదు. యూఐ థ్రెడ్ ఖాళీ అయ్యి, ఆ పని చేసిపెట్టేదాకా మీ లూప్ అక్కడే నిలబడి ఉంటుంది.

ఒక బ్యాటరీ ప్యాక్ బెంచ్‌లో దీన్ని కళ్లారా చూశాను. 96 సెల్స్, ఒక్కోదానికి ఒక చిన్న పెట్టె, వోల్టేజీని బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. లూప్ తిరిగిన ప్రతిసారీ 96 పెట్టెలకూ రంగు రాస్తున్నారు, రంగు మారినా మారకపోయినా. కుర్రాళ్లు వారం రోజులుగా టెన్షన్ పడుతూ హార్డ్‌వేర్ డ్రైవర్‌ను అనుమానిస్తున్నారు. పాత రంగులను షిఫ్ట్ రిజిస్టర్‌లో (ఒక చుట్టు విలువను తర్వాతి చుట్టుకు అందించే దానిలో) దాచి, తేడా వచ్చిన పెట్టెకే రాసేలా మార్చాం. ప్యానెల్ అక్కడికక్కడే తేలికపడింది.

ఒకేసారి చాలా పెట్టెలు మారక తప్పని చోట, ఉదాహరణకు కొత్త ప్యాక్ పెట్టినప్పుడు, డిఫర్ ప్యానెల్ అప్‌డేట్స్ ప్రాపర్టీని ట్రూ చేసి, మార్పులన్నీ ముగించి, మళ్లీ ఫాల్స్ చేయాలి. అన్నీ కలిపి ఒక్కసారే గీస్తుంది. ఆ ఫాల్స్ చేసే నోడ్ ఎర్రర్ వైర్‌తో (ఎర్రర్ సమాచారాన్ని మోసే వైర్‌తో) ముడిపడి ఉంటే, మధ్యలో ఎర్రర్ వచ్చినప్పుడు అది పని చేయదు, ప్యానెల్ గడ్డకట్టుకుపోయినట్టు ఉండిపోతుంది. అందుకే ఆ నోడ్‌కు పాత ఎర్రర్ అందకుండా చూసుకోండి, వచ్చిన ఎర్రర్‌ను విడిగా తీసుకెళ్లి తర్వాత కలపండి.