డెంగీ దోమ కోసం ముందు డ్రమ్ము మూత తీయండి

తిరుపతిలో ఇంటింటికీ తిరిగి దోమ లార్వాలు వెతకడం నా పని. అక్టోబరు, నవంబరు వానలు మొదలైతే ప్రతి వీధిలో ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: డెంగీ దోమ మురుగు కాలువలో పుడుతుంది.

ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరం. "ముందు ఆ కాలవ శుభ్రం చేయించండి సార్" అంది వాళ్లమ్మ కోపంగా. కాలువ శుభ్రం కావాల్సిందే, బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ అందులోనే పెరుగుతుంది. డెంగీ తెచ్చే ఏడిస్‌కు మాత్రం కదలకుండా నిలిచిన మంచినీళ్లు కావాలి. మెట్ల కింద డ్రమ్ములో టార్చి వేసి చూపించాను. తోకపురుగులు కిందికీ పైకీ కొట్టుకుంటున్నాయి. కుళాయి రోజూ రాదని పట్టిపెట్టుకున్న నీళ్లవి. ఆమెను ఎలా తప్పుపట్టను?

గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లు పారబోసే రోజు అని మేం పోరేది అందుకే. నీళ్లు పారబోసి ఊరుకుంటే లాభం లేదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. డ్రమ్ము లోపలి అంచును పీచుతో గట్టిగా రుద్దాలి. ఖాళీ చేయలేని సంపుకు సందు లేకుండా మూత పెట్టండి. ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు కూడా చూడండి.

అపోహ: పొగ కొడితే దోమలు పోతాయి.

ఎగిరేవి చస్తాయి. నీళ్లలోని లార్వాలకు ఏమీ కాదు.

అపోహ: రాత్రి దోమతెర కడితే డెంగీ రాదు.

ఏడిస్ ఎక్కువగా పగలే కుడుతుంది. పసిపిల్లలు పగలు పడుకున్నా తెర వేయండి.

అపోహ: జ్వరమొచ్చి ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీయే.

నాకు ఎక్కువ భయం దీనితోనే. స్క్రబ్ టైఫస్‌లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఇది మన చిత్తూరు, తిరుపతి వైపు ఉన్న జబ్బే. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం, రెండు వారాలకు జ్వరం. డెంగీ వైరస్‌కు నేరుగా పనిచేసే మందు లేదు. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ లాంటి మందు ఉంది, కానీ ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

జ్వరమొస్తే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు నొప్పిలేని నల్లటి పక్కు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. స్క్రబ్ టైఫస్ వచ్చిన అందరికీ ఆ పక్కు ఉండదు. పొలానికో, కొండవైపు పశువుల వెంటో వెళ్లొచ్చి ఉంటే ఆ మాట కూడా చెప్పండి.