చప్పిడి బుద్ధి

మూర్ఖత్వానికి ఇంగ్లిష్‌లో మాటలకేం కొదవ లేదు. వాటిలో దాదాపు మూలన పడిపోయిన మాట ఒకటుంది: ఇన్‌సిపియెన్స్. ఐదారు వందల ఏళ్ల కిందటే లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలం వెతుక్కుంటూ పోతే బడికి కాదు, భోజనాల దగ్గరికి చేరతాం.

లాటిన్‌లో సాపెరె అనే క్రియకు అసలు అర్థం రుచి కలిగి ఉండడం, రుచి తెలియడం. తర్వాత వివేకం ఉండడం అనే అర్థమూ వచ్చింది. దాన్నుంచి పుట్టిన సాపియెన్స్ అంటే వివేకి. ముందు 'ఇన్' చేరిస్తే అవివేకి. లాటిన్‌లో ఇలా ముందు ఏదైనా చేరినప్పుడు లోపలి 'అ' తరచుగా 'ఇ' అవుతుంది. స్నేహితుడు అమీకుస్ అయితే శత్రువు ఇనిమీకుస్. అలాగే సాపియెన్స్ కాస్తా ఇన్‌సిపియెన్స్ అయింది. లాటిన్‌లో అది అవివేకికి పేరు, ఇంగ్లిష్‌లో అవివేకానికి. చప్పగా ఉన్నదాన్ని ఇన్‌సిపిడ్ అంటారే, అదీ ఈ కుటుంబంలోదే.

రుచికీ బుద్ధికీ లంకె ఎక్కడ? స్పెయిన్‌లోని సెవిల్ బిషప్ ఇసిడోర్ (636లో చనిపోయాడు) దీన్ని చక్కగా విప్పాడు. తిండిలో రుచుల తేడాను నాలుక పసిగట్టినట్టే, విషయాలనూ వాటి కారణాలనూ వివేకి పసిగడతాడట. ఆ తేడా తెలియని చప్పిడి మనిషి ఇన్‌సిపియెన్స్. ఇసిడోర్ చెప్పిన పదమూలాల్లో చాలా మటుకు ఊహలే గానీ, ఇది మాత్రం గురి తప్పలేదు.

నిజానికి నాలుక చేసేది తీర్పు చెప్పే పనే. మనిషిలో తీపిని గుర్తించే ప్రధాన గ్రాహకం ఒక్కటే. చేదుకైతే సుమారు 25 రకాలున్నాయి. మొక్కల్లోని విషాల్లో చాలావాటికి చేదు రుచి ఉంటుంది మరి. మింగాలా, ఉమ్మాలా అన్నది క్షణంలో తేలిపోవాలి. దీన్నిబట్టి చూస్తే ఇన్‌సిపియెన్స్ అంటే చదువు లేకపోవడం కాదు, మంచీచెడ్డా తేడా పట్టలేకపోవడం. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లకూ ఇది రావచ్చు.

గ్రీకులోనూ ఇలాంటి జంటే ఉంది. మోరోస్ అంటే మూర్ఖుడు. మత్తయి సువార్తలో "ఉప్పు నిస్సారమైతే" అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న క్రియ దీన్నుంచి వచ్చిందే. మాటకు మాట చెప్పాలంటే 'ఉప్పు మూర్ఖమైతే'! మన దగ్గర "ఉప్పూకారం తినడం లేదా?" అని అడిగితే అది బుద్ధి గురించి కాదు, పౌరుషం గురించి. 1910లో అమెరికా మనస్తత్వవేత్త హెన్రీ గొడార్డ్ మోరోస్ నుంచే మోరాన్ అనే పదం తయారుచేసి, బుద్ధిమాంద్యంలో ఒక స్థాయికి పేరుగా పెట్టాడు. చూస్తుండగానే అది వీధి తిట్టుగా మారింది.

ఇన్‌సిపియెన్స్‌కు ఆ భాగ్యం దక్కలేదు. దానికో పెద్ద చిక్కుంది: 'ఇప్పుడిప్పుడే మొదలవడం' అనే అర్థమున్న ఇన్సిపియెన్స్ అనే ఇంకో మాటను కూడా అచ్చం ఇలాగే పలుకుతారు. స్పెల్లింగ్‌లో ఎస్ బదులు సి, అంతే తేడా. ఎవరినైనా ఈ మాటతో తిట్టాలంటే కాగితం మీద రాసివ్వాల్సిందే.