యంత్రం పోయింది, మాట మిగిలింది: మా రంగంలో కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఈ రంగం గురించిన మొదటి అపోహకు నేనే బాధితుణ్ని. సాఫ్ట్‌వేర్ రాసేవాడికి ప్రింటరు బాగుచేయడం కూడా వచ్చని అందరి నమ్మకం. రాదు. కాగితం ఇరుక్కుంటే మీరెంత విసుక్కుంటారో నేనూ అంతే విసుక్కుంటాను. అయినా ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు ఫోను చేతిలో పెట్టి ఏదో అడుగుతూనే ఉంటారు. వాళ్లు అడిగేవాటిలోనూ, ఆఫీసులో మేనేజర్లు గట్టిగా నమ్మేవాటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. ఈ అపోహలు ఊరికే పుట్టినవి కావు. చాలావరకు ఒకప్పుడు ఏదో ఒక యంత్రం విషయంలో నిజమైన మాటలే. యంత్రం పోయింది, మాట మిగిలింది.

అపోహ: ఫోను బ్యాటరీని సున్నా దాకా వాడాకే ఛార్జింగ్‌కు పెట్టాలి

ఇది నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా. వాటిని ప్రతిసారీ సగంలోనే ఛార్జింగ్‌కు పెడితే కొన్నాళ్లకు ఆ సగమే తమ సామర్థ్యమన్నట్టు నడుచుకునేవి. అందుకే మొత్తం ఖాళీ చేయమనేవారు. 1991లో సోనీ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు మన జేబుల్లో ఉన్నవన్నీ దాని వారసులే. వీటికి ఆ పాత జబ్బు లేదు. వీటికి పడనివి రెండు: ఒకటి వేడి, రెండోది సున్నా దగ్గరో వంద దగ్గరో చాలాసేపు ఉండిపోవడం. సున్నా దాకా వాడమన్న పాత సలహా పాటిస్తే ఇవాళ్టి బ్యాటరీకి మేలు జరగదు సరికదా, ఆయుష్షు తగ్గుతుంది.

మరి రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే పేలుతుందా? మంచి ఛార్జరు, మంచి ఫోను అయితే పేలదు. నిండగానే లోపలి సర్క్యూటే ఛార్జింగ్ ఆపేస్తుంది. అయితే తెల్లవార్లూ వంద దగ్గరే నిలబెట్టడం వల్ల నెమ్మదిగా అరుగుదల ఉంటుంది. అందుకే 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఇస్తున్నారు. అసలు హాని దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడంలో ఉంది. వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఇంకో సంగతి. తెర మీద కనిపించే శాతం కొలత కాదు, అంచనా. బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళ్లింది, ఎంత వచ్చింది, ఇప్పుడు వోల్టేజీ ఎంత అన్న లెక్కల మీద ఫోను వేసుకునే ఊహ. బ్యాటరీ పాతబడ్డాక ఆ ఊహ దారి తప్పుతుంది. 20 శాతం ఉండగానే ఫోను ఆరిపోవడానికి ఒక కారణం ఇదే. ఎప్పుడైనా ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి నింపితే ఆ లెక్క సర్దుకోవచ్చు. బాగుపడేది లెక్క మాత్రమే, బ్యాటరీ కాదు.

అపోహ: తెరిచిన యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు తుడిచేస్తే ఛార్జింగ్ మిగులుతుంది

మిగలదు, చాలాసార్లు ఎక్కువే ఖర్చవుతుంది. వెనక్కి వెళ్లిన యాప్‌ను ఫోను ఎక్కడికక్కడ నిద్రపుచ్చుతుంది. దాన్ని తుడిచేసి మళ్లీ తెరిస్తే మొత్తం మొదటి నుంచి లోడ్ కావాలి. స్తంభించిపోయిన యాప్‌ను, దారి చూపిస్తూ లొకేషన్ వాడుతున్న యాప్‌ను మూసేయండి, తప్పులేదు. రోజుకు నలభైసార్లు వేలితో పైకి తోయడం మాత్రం వేలికి వ్యాయామమే.

అపోహ: ఒక టీబీ డిస్కు కొంటే 931 జీబీయే ఉంది, మోసం చేశారు

మోసం లేదు, రెండు లెక్కలున్నాయి. తయారీదారుకు ఒక టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం జీబీ అంటే 107,37,41,824 బైట్లుగా, అంటే 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కిస్తుంది. భాగించి చూడండి, 931 వస్తుంది. మ్యాక్ కంప్యూటర్లు 2009 నుంచి తయారీదారు లెక్కనే చూపిస్తున్నాయి. అదే డిస్కును అక్కడ పెడితే ఒక టీబీగానే కనిపిస్తుంది.

అపోహ: టైప్-సీ కేబుళ్లన్నీ ఒకటే

దీనికి నేనూ పడిపోయాను. ఒకసారి లాప్‌టాప్‌లోని 200 జీబీ సరుకును బయటి ఎస్‌ఎస్‌డీలోకి, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కులోకి ఎక్కిస్తున్నాను. డిస్కు కొత్తది, లాప్‌టాప్ కొత్తది. గంట దాటినా పని తెమల్లేదు. డిస్కునే అనుమానించాను, తిరిగి ఇచ్చేద్దామని పెట్టె కూడా వెతికాను. తీరా చూస్తే నేను తగిలించింది ఫోను ఛార్జరుతో వచ్చిన కేబుల్. డిస్కుతో వచ్చిన పొట్టి కేబుల్ పెట్టెలో అలాగే ఉంది. దాన్ని తగిలిస్తే అదే పని ఏడు నిమిషాల్లో అయిపోయింది.

టైప్-సీ అన్నది మూతి ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఒకే ఆకారం వెనుక సెకనుకు 480 మెగాబిట్లు మోసే పాత యూఎస్‌బీ 2 తీగలు ఉండవచ్చు, 40 గిగాబిట్లు మోసేవీ ఉండవచ్చు. ఛార్జింగ్ కోసం ఇచ్చే కేబుళ్లు చాలావరకు మొదటి రకం. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. అందుకే నా దగ్గరున్న ప్రతి కేబుల్‌కూ చిన్న కాగితం అంటించి వేగం రాసిపెట్టుకున్నాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

అపోహ: పాస్‌వర్డ్‌ను మూడు నెలలకోసారి మారిస్తేనే భద్రం

ఇది మా రంగంవాళ్లమే దేశాల మీదికి వదిలిన అపోహ. దొంగ ఊహించేలోపే మార్చేస్తే సరిపోతుందన్నది పాతకాలపు లెక్క. కాగితం మీద బాగానే ఉంది. మనుషులు ఏం చేస్తారన్నది అందులో లేదు. తప్పనిసరిగా మార్చమంటే చివర ఉన్న 1ని 2 చేస్తారు, తర్వాత 3 చేస్తారు. నేనూ అదే చేశాను. ఒక చోట నా పాస్‌వర్డ్ చివరి అంకె చూస్తే అక్కడ చేరి ఎన్నాళ్లయిందో చెప్పగలిగేవాణ్ని.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో తన మార్గదర్శకాలను మార్చి, కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని చెప్పింది. బయటపడిందన్న ఆధారం ఉంటే మాత్రం వెంటనే మార్పించాలి. కావలసినవి పొడుగు, ఒక్కో చోట ఒక్కో పాస్‌వర్డ్, వీలైన చోటల్లా రెండో అంచె ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్ లాంటిది. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికి పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడితే బుర్రకు బరువు తగ్గుతుంది. ఇది చెప్పి ఇన్నేళ్లయినా, తొంభై రోజులకోసారి ఎర్ర అక్షరాలతో బెదిరించే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. నియమం పెట్టడం తేలిక. తీసేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

అపోహ: పని ఆలస్యమైతే మనుషులను పెంచాలి

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన అపోహ ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. గోడ కట్టడంలో, గొయ్యి తవ్వడంలో ఈ మాట నిజం. పదిమంది పారలు పట్టుకుంటే గొయ్యి త్వరగా తెగుతుంది. మేనేజర్లు ఆ అనుభవాన్నే సాఫ్ట్‌వేర్‌కు తెచ్చుకున్నారు.

కొన్నేళ్ల క్రితం మేం ఆరుగురం ఒక పని మీద ఉన్నాం. రెండు నెలలు వెనకబడ్డాం. పైవాళ్లు కంగారుపడి ఒక సోమవారం మరో ఐదుగురిని తెచ్చి కూర్చోబెట్టారు. అందరూ తెలివైనవాళ్లే, అందులో అనుమానం లేదు. వాళ్లకు కంప్యూటర్లు, అనుమతులు వచ్చేసరికి గురువారం అయింది. బిల్లింగ్ భాగం లోగుట్టు తెలిసినవాళ్లు మాలో ఇద్దరే. ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇద్దరూ ఒక్క వరస కోడ్ రాయలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోర్డు దగ్గర నిలబడి డబ్బాలు, బాణాలు గీస్తూ వివరించడమే సరిపోయింది. నాలుగో వారంలో కొత్తవాళ్లలో ఒకరు, పనికిరానిదనుకుని కోడ్‌లోని ఒక పాత షరతును తీసేశారు. అది ఎందుకుందో మాలో ఒకరికే తెలుసు, ఆయన ఆ రోజు సెలవులో ఉన్నారు. రెండు నెలల ఆలస్యం నాలుగు నెలలైంది.

ఐబీఎమ్‌లో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట రాశారు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను జోడిస్తే అది ఇంకా ఆలస్యమవుతుంది. దాని వెనుక చిన్న లెక్క ఉంది. ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితోనూ మాట్లాడుకోవాల్సి వస్తే, ఆరుగురి మధ్య 15 జతలు. పదకొండుమంది అయితే 55. మనుషులు రెట్టింపు కూడా కాలేదు, మాటలు మాత్రం దాదాపు నాలుగింతలయ్యాయి.

అయితే దీన్ని వేదవాక్కులా పట్టుకుని, ఎప్పుడూ మనుషులను పెంచకూడదని వాదించేవాళ్లనూ చూశాను. అదీ అపోహే. బ్రూక్స్ కూడా ఆ సూత్రం చెబుతూనే, దీన్ని మరీ సరళం చేసి చెబుతున్నానని ఒప్పుకున్నారు. మొదట్లోనే తెస్తే, విడిగా చేయగల ముక్కలుంటే, పరీక్షించే పని ఇస్తే కొత్తవాళ్లు ఎంతో ఆదుకుంటారు. నెల రోజుల్లో గడువు ఉందనగా తెచ్చి నడిమధ్యలో కూర్చోబెట్టడమే కొంప ముంచేది.

అపోహ: ఎజైల్ అంటే ప్రణాళిక, పత్రాలు అక్కర్లేదు, అంతకు ముందంతా వాటర్‌ఫాల్

ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా చేస్తూ, మార్పులకు తగ్గట్టు సర్దుకునే పద్ధతి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. విస్తారమైన పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామన్నారు. ఎక్కువ అన్నారు తప్ప పత్రాలకు విలువే లేదనలేదు. పైగా వాటికీ విలువ ఉందని ఆ ప్రకటన కిందే రాసిపెట్టారు. కింది వాక్యం ఎవరూ చదవరు.

వాటర్‌ఫాల్ కథ ఇంకా తమాషా. ఒక దశ ముగిశాకే తర్వాతి దశలోకి మెట్లు దిగినట్టు దిగే ఆ పద్ధతి బొమ్మను 1970 నాటి విన్‌స్టన్ రాయిస్ అనే ఇంజనీరు వ్యాసంలోంచి ఎత్తుకున్నారు. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. బొమ్మ వేసి, దీన్ని ఇలాగే అమలుచేస్తే ప్రమాదకరం, విఫలమవుతుంది అని హెచ్చరించారు కూడా. బొమ్మ ప్రపంచమంతా తిరిగింది, హెచ్చరిక ఆ పేజీలోనే ఉండిపోయింది.

ఇక ఎజైల్ పేరుతో జరిగే రోజువారీ సమావేశం సంగతి. పదిహేను నిమిషాల్లో ముగియాలనే నిలబడి మాట్లాడుకోమన్నారు. నలభై ఐదు నిమిషాలు నిలబెట్టిన చోట్ల నేను పనిచేశాను. కాళ్లనొప్పులు వచ్చాయిగాని పని ముందుకు సాగలేదు.

అపోహ: ఎన్ని వరసల కోడ్ రాస్తే అంత పని

1982లో యాపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పుడు, ఇంజనీర్లు వారానికి ఎన్ని వరసలు రాశారో ఫారంలో నింపాలని మేనేజర్లు నియమం పెట్టారు. వాళ్లలో ఒకరైన బిల్ అట్కిన్సన్ ఆ వారం ఒక భాగాన్ని తిరగరాసి వేగం పెంచారు, కోడ్ రెండు వేల వరసలు తగ్గింది. ఫారంలో మైనస్ 2000 అని రాశారు. మరికొన్ని వారాలకు ఆ ఫారం నింపమని ఆయన్ను అడగడం మానేశారు. ఇప్పుడు కోడ్‌ను కృత్రిమ మేధ కుప్పలుగా పోస్తుంటే, ఎంత శాతం దానితో రాయించామన్న అంకెను గొప్పగా చెప్పుకుంటున్నారు. అదే ఫారం, కొత్త గడి.

అపోహ: సినిమాలో చూపించే హ్యాకింగ్ అంతా అబద్ధం

సగం నిజం. మసక ఫోటోను ఒక మీట నొక్కి పెద్దది చేసి కారు నంబరు చదివేయడం అబద్ధమే. కెమెరా పట్టని వివరం ఫోటోలో ఉండదు. వీడియోలో వరసగా ఉన్న చాలా ఫ్రేములను కలిపి కొంత రాబట్టవచ్చు, అంతవరకే. ఇప్పటి కృత్రిమ మేధ సాధనాలు మసక ముఖాన్ని స్పష్టంగా చూపిస్తాయి, నిజమే. కానీ అది తవ్వి తీసిన ముఖం కాదు, ఊహించి గీసిన ముఖం. దాన్ని పట్టుకుని ఎవరినైనా అనుమానిస్తే ఘోరం.

అయితే 1983 నాటి హాలీవుడ్ సినిమా ‘వార్‌గేమ్స్’ చూడండి. పాఠశాల కంప్యూటర్‌లోకి దూరడానికి అందులోని కుర్రాడు ఏ మాయా చేయడు. కార్యాలయంలో బల్ల దగ్గర రాసిపెట్టుకున్న పాస్‌వర్డ్ చూసేస్తాడు. సైనిక కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ దాని సృష్టికర్త కొడుకు పేరు. అచ్చం ఇలాగే జరుగుతుంది బయట కూడా. ఆ సినిమా చూసిన అప్పటి అమెరికా అధ్యక్షుడు రేగన్, నిజంగా ఇలా జరగవచ్చా అని తన సైనికాధికారులను అడిగారు. జరగవచ్చనే సమాధానం వచ్చింది. మరుసటి ఏడాది కంప్యూటర్ల భద్రతపై అమెరికా ప్రభుత్వం విధాన ఉత్తర్వు జారీ చేసింది.

సినిమాలు పూర్తిగా తప్పేది వేగం విషయంలో. తెర మీద ఎవరో ముప్పై సెకన్లు టకటకా టైపు చేస్తే సమస్య విడిపోతుంది. నేను తేల్చిన అతి మొండి తప్పు ఒకటుంది. ఒక నివేదికలో ప్రతి నెలా ఒకటో తేదీన మాత్రమే లెక్క తేడా వచ్చేది. ఇద్దరం రెండు రోజులు లాగ్ ఫైళ్లు, అంటే కంప్యూటర్ తాను చేసిన ప్రతి పనినీ రాసుకునే చిట్టాలు, చదువుతూ కూర్చున్నాం. మధ్యలో ఒకరం లేచి నీళ్లు తాగడం, ఇంకొకరం కళ్లు నులుముకోవడం తప్ప గదిలో కదలికే లేదు. చివరికి తేలిందేమిటంటే, ఒక సర్వరు అంతర్జాతీయ సమయం రాస్తోంది, ఇంకొకటి స్థానిక సమయం రాస్తోంది. నెలాఖరు అర్ధరాత్రి దగ్గర జరిగిన లావాదేవీలు రెండు నెలల మధ్య ఎటూ కాకుండా పోతున్నాయి. దిద్దింది ఒకే ఒక్క వరస. అది రాయడానికి పది సెకన్లు పట్టి ఉంటుంది.